రోహిణి కార్తె ఎండలు చూసినోడికి సింగపూర్‌లో చెమటలు

అందరికీ నమస్కారం. సింగపూర్ బయల్దేరేటప్పుడు మా తిరుపతిలో అందరూ ఒకటే మాట. "రోళ్లు పగిలే రోహిణి కార్తె చూసినోడివి, ఆ ఎండ నిన్నేం చేస్తుందిరా!"

లెక్క ప్రకారం నిజమే. మనకు మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలు. సింగపూర్‌లో ఇంతవరకు నమోదైన అత్యధికం 37. 1983లో ఒకసారి, మళ్లీ 2023 మేలో. అయినా ఎయిర్‌పోర్టు బయటికి రాగానే చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

భూమధ్యరేఖ అక్కడికి 140 కిలోమీటర్లు కూడా లేదు. చుట్టూ సముద్రం, గాలి నిండా తేమ. మన ఎండ చుర్రుమంటుంది గానీ చెమట ఇట్టే ఆరిపోతుంది, చెట్టు కిందికి పోతే ప్రాణం లేచొస్తుంది. అక్కడ చెమట ఆరదు. అది ఆరితేనే కదండీ ఒళ్లు చల్లబడేది! రాత్రయినా అదే ఉక్కపోత. పైగా, నాలుగు నెలలు ఓర్చుకుంటే చలికాలం వస్తుందిలే అనుకోడానికీ లేదు. జనవరికీ మేకీ పెద్ద తేడా ఉండదు.

పొద్దు పొడిచేది ఏడాదంతా ఏడు గంటల ప్రాంతంలోనే, కుంకేదీ ఏడు ప్రాంతంలోనే. 1982లో మలేషియాతో పాటు గడియారం అరగంట ముందుకు జరిపారు, అందుకే తెల్లారడం అంత ఆలస్యం. పిల్లలు చీకట్లోనే బడికి పోతుంటారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం నీడ. పాత వీధుల్లో ప్రతి దుకాణం ముందూ ఐదడుగుల వసారా. 1822 నాటి పట్టణ ప్రణాళికలోనే అది తప్పనిసరి చేశారు. ఇప్పటి కాలనీల్లో అయితే బస్టాపు నుంచి అపార్ట్‌మెంట్ల దాకా కప్పు వేసిన నడకదారి. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఉరుములతో కుండపోత కురిసినా జనం తడవకుండా నడిచిపోతున్నారు. రోడ్ల మీద కొమ్మలు కలిపేసుకున్న పెద్ద పెద్ద చెట్లు చూసి ఇవేంటా అనుకున్నా. మన నిద్రగన్నేరే! ప్రధాని లీ క్వాన్ యూ 1963లోనే చెట్లు నాటే కార్యక్రమం మొదలుపెట్టారు.

మనకూ తెలియని పని కాదిది. అలిపిరి మెట్లదారికి పైకప్పు ఉంది కదా! అదే కప్పు, అదే చెట్లు తిరుపతి బస్టాండు నుంచి రైల్వే స్టేషన్ దాకా ఎందుకు ఉండకూడదు? మే నెల మిట్టమధ్యాహ్నం చంకలో బిడ్డతో, నెత్తిన మూటతో ఆ దారిన నడిచే భక్తుల కోసం నేను గట్టిగా అడుగుతున్నా. ముందు ఆ ఒక్క దారికి నీడ వేయండి.