న్యస్తాక్షరి పుట్టిన నేల మీద ఇంగ్లీషు మాటలాట

(అమలాపురంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. ఉపాధ్యాయ మిత్రులకు, తల్లిదండ్రులకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు మరీ ప్రత్యేకంగా.

మన బడుల్లో ఇంగ్లీషు మాట నేర్పడమంటే మాట, ఎదురుగా తెలుగు అర్థం, ఆ తర్వాత పదిసార్లు రాయడం. అది అక్కరలేదని నేను అనను. కానీ మాటను అక్షరాల లెక్కతో, కూర్పుతో పట్టుకునే ఇంకో దారి ఉంది. అది ఆట దారి. ఆ దారిలో మన డెల్టా పిల్లలు ఎవరికీ తీసిపోరని నా గట్టి నమ్మకం. అక్షరంతో ఆడుకోవడం ఈ నేలకు కొత్త కాదు.

తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు పుట్టింది భీమవరం దగ్గర యండగండిలో. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు పుట్టింది కడియంలో. వారు ఊరూరా చేసిన అవధానాల గురించి మన పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. పిల్లల కోసం రెండు మాటలు చెబుతాను. అవధానమంటే సభలో పలువురు వేసే చిక్కు ప్రశ్నలకు అక్కడికక్కడే పద్యాలతో బదులివ్వడం. న్యస్తాక్షరిలో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసేవాడు, ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం పడాలని ముందే అడుగుతాడు. నిషిద్ధాక్షరిలో అడుగడుగునా ఈ అక్షరం వాడవద్దని అడ్డం పడతాడు. అవధాని ఆ రెండు కట్టడులకూ లోబడి పద్యం పూర్తి చేయాలి.

ఇప్పుడు మీ ఫోన్లలో వర్డిల్ తెరవండి. జోష్ వార్డిల్ 2021లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన ఆట ఇది. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దీన్ని కొనుక్కుంది. దాచిన అయిదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి. గడి ఆకుపచ్చగా మారిందంటే అక్షరం తన చోట పడింది, అదే న్యస్తాక్షరి. బూడిద రంగు వచ్చిందంటే ఆ అక్షరం నిషిద్ధం. పసుపు వస్తే అక్షరం ఉంది, చోటు వేరు. ఇక్కడ ఛందస్సు లేదు, ధార లేదు కాబట్టి అవధానంతో సమానమని అనను. బుద్ధి చేసే పని మాత్రం ఆ జాతిదే.

ఒక ఆట ఆడి చూపిస్తాను. మొదట క్రేన్ వేద్దాం: సీ, ఆర్, ఏ, ఎన్, ఈ. చివరి ఈ ఒక్కటే ఆకుపచ్చ, మిగతావి బూడిద. తర్వాత మౌస్: ఎమ్, ఓ, యూ, ఎస్, ఈ. ఎమ్ పోయింది, మిగతా నాలుగూ ఆకుపచ్చ. ఇక్కడే చాలామంది తొందరపడతారు. హౌస్ కావచ్చు, లౌస్ కావచ్చు, డౌస్ కావచ్చు. ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే ప్రయత్నాలు కరిగిపోతాయి. ఆగి ఆలోచించే పిల్లవాడు చైల్డ్ వేస్తాడు: సీ, హెచ్, ఐ, ఎల్, డీ. అది జవాబు కాదని వాడికి తెలుసు. కానీ హెచ్, ఎల్, డీ మూడింటినీ ఒకే దెబ్బకు పరీక్షించే మాట అది. హెచ్ పసుపు అయింది, జవాబు హౌస్. ఈ ఆలోచన ఏ గైడులోనూ దొరకదు.

ఉపాధ్యాయులు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. మన చెవి మాటను తెలుగు లెక్కలో వింటుంది. హౌస్ అనగానే ఒక అక్షరం, పక్కన పొల్లు. ఇంగ్లీషు రాతలో అవి అయిదు, అందులో చివరిది పలకనే పలకదు. మన పిల్లల స్పెల్లింగు తప్పుల్లో చాలా భాగం ఇక్కడే పుడుతుందని నా అభిప్రాయం. గడులు లెక్కపెట్టి నింపే ఆటలో ఆ పలకని అక్షరం కూడా తన చోటు అడిగి తీసుకుంటుంది.

అక్షరాల బిళ్లలను బోర్డు మీద పేర్చి మాటలు కూర్చే స్క్రాబుల్ ఆట సంగతి కొంచెం. 1930లలో ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా వాస్తుశిల్పి పత్రికల పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి ఈ ఆటను కూర్చాడు. మొత్తం 100 బిళ్లలు. అందులో 'ఈ' (E) అనే అక్షరం 12 సార్లు, క్యూ ఒక్కసారే. ఎస్ చివర తగిలిస్తే ఏకవచనం బహువచనమై సులువుగా మార్కులు వస్తాయని దాన్ని నాలుగింటికే పరిమితం చేశారు. క్యూకు 10 మార్కులు, కానీ పక్కన యూ లేకపోతే చాలామంది చేతులెత్తేస్తారు. అప్పుడు ఫకీరును తలచుకోండి: ఎఫ్, ఏ, క్యూ, ఐ, ఆర్. పోటీల్లో వాడే కాలిన్స్ పదపట్టికలో మన ఇడ్లీ, దోసె, లాఠీ, ధోతీ కూడా చెల్లుతాయి.

అందుకే, పిల్లలు ఇంగ్లీషు మాటలు రాసుకునే పుస్తకం పరాయి ఊరి నుంచి మొదలుపెట్టవద్దు. మన చుట్టూ ఉన్నవాటితో మొదలుపెట్టండి. డెల్టా, కెనాల్, ప్యాడీ, ప్రాన్, రివర్, ఫ్లడ్, ఫెర్రీ అన్నీ అయిదక్షరాలే. అంబాజీపేట మార్కెట్లో రోజూ వినిపించే కొబ్బరి కురిడీల సరుకు కోప్రా, అదీ అయిదే. కొబ్బరి పీచు కాయిర్, నాలుగు. నోటుపుస్తకంలో మూడక్షరాలకు ఒక పేజీ, నాలుగుకు ఒకటి, అయిదుకు నాలుగైదు పేజీలు కేటాయించండి. ఒక్కో మాట పక్కన అర్థం తప్పకుండా రాయించండి. న్యూజిలాండ్ వాడైన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆ జ్ఞాపకశక్తికి చేతులెత్తి మొక్కుతాను. మన పిల్లలకు కావలసింది మాత్రం బోర్డు మీద గెలుపుతో పాటు, రేపు ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే భయం లేకుండా చదివే చనువు.

గ్రంథాలయాలకు నా విన్నపం ఒకటే. వారానికి ఒక సాయంత్రం, ఒక గంట, ఒక స్క్రాబుల్ బోర్డు, ఒక మంచి నిఘంటువు. ఫోను లేని పిల్లలకు నల్లబల్ల మీద అయిదు గడులు గీసి సుద్దముక్కతో వర్డిల్ ఆడించవచ్చు. రంగు సుద్దలు మూడు చాలు.

ఇక మాటలు ఆపి పని మొదలుపెడదాం. బోర్డు మీద ఆరు అక్షరాలు రాశాను: ఈ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టీ. ఆరింటినీ ఒక్కోసారి మాత్రమే వాడి నాలుగు మాటలు చేయాలి. మొదటిది నేనే ఇస్తున్నాను, వినడం అనే అర్థం వచ్చే లిసన్. అందులో టీ పలకదు, గుర్తుంచుకోండి. మిగతా మూడూ మీవి. కాగితాలు వరుసగా అందిస్తున్నారు, తీసుకోండి. వెనక కూర్చున్న పెద్దలు దయచేసి సాయం చేయవద్దు.