గాజా కోసం సైకిలెక్కేవాళ్లు

అందరికీ నమస్కారం. మన సంఘం ఉగాది ఖర్చుల లెక్కల తర్వాత, భోజనాలకు ముందు మాట్లాడటం ఎవరికైనా కష్టమే. అందుకే సూటిగా విషయానికి వస్తాను.

2014 వేసవిలో గాజా మీద ఇజ్రాయెల్ సాగించిన యుద్ధంలో 2,251 మంది పాలస్తీనీయులు చనిపోయారనీ, వారిలో 551 మంది పిల్లలనీ ఐక్యరాజ్య సమితి విచారణ సంఘం లెక్క తేల్చింది. మరుసటి ఏడాది ఇక్కడ బ్రిటన్‌లో కొందరు ఎడింబరో నుంచి లండన్ దాకా సైకిళ్ల మీద బయలుదేరారు. బిగ్ రైడ్ ఫర్ పాలస్తీన్ అనే సైకిల్ యాత్ర అలా మొదలైంది. పోగైన విరాళాలను మిడిల్ ఈస్ట్ చిల్డ్రన్స్ అలయన్స్ అనే సంస్థ ద్వారా గాజా పిల్లల ఆటలకు పంపారు.

తిండికే దిక్కులేని చోట ఆటలేమిటని మా ఇంట్లోనే అడిగారు. గాజా పొడవు 41 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడా 12 దాటదు. 2007 నుంచి ఇజ్రాయెల్ దిగ్బంధంలో ఉంది. అంత ఇరుకులో పుట్టి, ఆ సరిహద్దు దాటకుండానే పెరిగే పిల్లవాడికి బంతి, సైకిలు ఇవ్వడం అనవసర ఖర్చని నేను అనుకోను. ఆకలి తీర్చాలి, కాదన్నదెవరు? కానీ వాళ్లు కడుపులు మాత్రమే కాదు కదా!

‘అలా అల్ దాలి’ అనే అతని సంగతి చెప్పాలి. గాజాకు చెందిన సైక్లిస్టు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో పాల్గొనాలని సాధన చేస్తున్నాడు. ఆ ఏడాది మార్చి 30న సరిహద్దు కంచె దగ్గర నిరసన ప్రదర్శన మొదలైంది. సైక్లింగ్ దుస్తుల్లోనే చూడటానికి వెళ్లినవాడి కాలికి ఇజ్రాయెల్ సైనికుల తూటా తగిలింది. శస్త్రచికిత్సలు ఫలించక కాలు తీసేశారు. ఆ ఏడాది చివరి వరకు ఆ ప్రదర్శనల్లో తూటాలు తగిలి గాయపడినవారు 6,106 మంది అని ఐరాస విచారణ సంఘం నివేదించింది.

అల్ దాలి మళ్లీ సైకిలెక్కాడు. ఒంటికాలితో తొక్కడమంటే ఏమిటో ఇంటికెళ్లి ప్రయత్నించండి. పెడలు కిందికి నొక్కడం వరకు సులువే. అడుగుకు చేరాక దాన్ని మళ్లీ పైకి లాగాలి, ఆ పని చేసే రెండో కాలు లేదు. అందుకే బూటును పెడలుకు బిగించి, నొక్కిన కాలితోనే లాగుతారు. కాస్త జోరు తగ్గిందా, సైకిలు పక్కకు ఒరుగుతుంది, బిగించిన బూటు వెంటనే ఊడిరాదు. అతను తనలాంటివారిని కూడగట్టి గాజా సన్‌బర్డ్స్ అనే జట్టు పెట్టాడు. 2023 అక్టోబరులో మళ్లీ యుద్ధం మొదలయ్యాక ఆ జట్టువాళ్లే ఆహారం, సామగ్రి పంచే పనిలోకి దిగారు.

యాత్రలో ఇక్కడి రోడ్ల మీద మా కష్టం దానిముందు ఎంత! ఎదురుగాలికి పాలస్తీనా జెండా ముఖానికి చుట్టుకుంటుంది, లారీ పక్కనుంచి పోతే హ్యాండిలు వణుకుతుంది, అంతే. హారన్లు మాత్రం రెండు రకాలు. మద్దతుగా కొట్టేవాళ్లు రెండుసార్లు పొట్టిగా కొడతారు. తిట్టేవాళ్లు చెయ్యి తీయరు. సాయంత్రానికి ఏ మసీదు హాల్లోనో, చర్చి వంటగదిలోనో వేడివేడి పప్పు, అన్నం దొరికితే ఆ రెండో హారను మరిచిపోతాం.

విరాళమిస్తాం కానీ జెండా, హక్కుల మాటలు వద్దనేవారు మనలోనూ ఉన్నారు. 2019లో లండన్‌లోని టవర్ హామ్లెట్స్ అనే స్థానిక కౌన్సిల్ ఈ యాత్ర ముగింపు సభకు తన పార్కు ఇవ్వలేదు. యాత్ర వెబ్‌సైటులో ఇజ్రాయెల్‌కు సంబంధించి వర్ణవివక్ష గురించిన మాటలు యూదు వ్యతిరేకతగా పరిగణించబడవచ్చన్న భయం కౌన్సిల్ లోపలి ఉత్తరాల్లో బయటపడింది. యూదులపై ద్వేషం నిజమైన జాడ్యమే, దాన్ని మా మధ్యకు రానివ్వం. అయితే ఒక ప్రభుత్వ విధానాన్ని తప్పుపట్టడం వేరు. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మందిని చంపడాన్ని నేరమనే అంటాను. అదే నోటితో గాజాలో జరిగినదాన్నీ నేరమంటాను. కాలు పోయినవాడికి ఊతకర్ర కొనిచ్చి, కాలు ఎలా పోయిందో అడగొద్దంటే నాకు మింగుడుపడదు.

భారతదేశానికి ఇందులో పనేమిటని సందేహించేవారికి ఒక్కమాట: పాలస్తీనా రాజ్యాన్ని మన దేశం 1988లోనే గుర్తించింది.

ఈసారి యాత్రకు మన సంఘం నుంచి ఒక బృందం వెళ్లాలని నా కోరిక. పోటీ కాదు, వెనకబడినవారి కోసం ఆగుతాం. ట్యూబు మార్చడం, చైన్ ఎక్కించడం యాత్రకు ముందు ఆదివారం నేర్పుతాను. సైకిలు లేనివారు వంటలకో, సామాను వ్యాను నడపడానికో రావచ్చు. కాగితం తలుపు పక్కన బల్ల మీద ఉంది, పేరు, ఫోను నంబరు రాయండి. విరాళం ఇవ్వదలిస్తే నాకు నగదు ఇవ్వకండి, నేరుగా యాత్ర ఖాతాకే పంపండి. ఇక ప్రశ్నలుంటే అడగండి, జెండా గురించైనా సరే.