రంగు లేని బంగారు నాచు

హోస్ట్: మేడం, మొన్న డిసెంబర్‌లో చంద్రగిరి దగ్గర చెరువు నీళ్లు సీసాలో తెచ్చి మైక్రోస్కోప్ కింద పెట్టారు కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం.

అతిథి: ఆ రోజు కనిపించింది డైనోబ్రియాన్ అనే బంగారు నాచు, 1830ల్లో ఎరెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టినది. ఒక్కో కణం సన్నటి గ్లాసు ఆకారం గూట్లో కూర్చుంటుంది, ఆ గూటి అంచు మీద ఇంకో గూడు, దాని మీద మరొకటి, చూస్తే కొమ్మలేసిన చెట్టే, కానీ ఆ చెట్టు ఈదుతూ పోతుంది! నేను టీ చల్లారిపోయేదాకా చూస్తూనే ఉన్నా.

హోస్ట్: ఆ బంగారు రంగు దేనివల్ల?

అతిథి: ఫ్యూకోజాంథిన్ అనే రంగు పదార్థం, పత్రహరితాన్ని కప్పేస్తుంది.

హోస్ట్: అయితే ఈ రంగుంటే ఈ గుంపే అనుకోవచ్చా?

అతిథి: అనుకోకూడదమ్మా, వేరే గుంపులకీ ఈ రంగుంటుంది. 1914లో పాషర్ అనే శాస్త్రవేత్త వీటినీ, గాజులాంటి పెంకుండే డయాటమ్‌లనీ, పసుపుపచ్చ నాచునీ కలిపి క్రైసోఫైటా అన్నాడు. తర్వాత ఇవి ఈదడానికి వాడే తోకలు చూడటం మొదలైంది. మన బంగారు నాచుకు సాధారణంగా ఒక తోక పొడుగ్గా సన్నటి వెంట్రుకలతో, రెండోది పొట్టిగా నున్నగా ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చాక వీటితోనే కలిపి ఉంచిన హాప్టోఫైట్లనే నాచులు వేరే వంశమని తేలి బయటికెళ్లాయి. టెక్సాస్‌లో చేపల్ని చంపే ప్రిమ్నేసియంని అక్కడ ఇప్పటికీ గోల్డెన్ ఆల్గా అంటారు, అది హాప్టోఫైటే.

హోస్ట్: మరి సైన్యూరా అనే ఇంకో బంగారు నాచు సంగతి?

అతిథి: దాని ఒంటి మీద ఇసుకలో ఉండే సిలికాతో చేసిన పొలుసులుంటాయి, జాతి గుర్తుపట్టేది వాటి నగిషీ చూసే. 1987లో ఆండర్సన్ అనే శాస్త్రవేత్త దాన్ని వేరే తరగతిగా విడదీశారు, డీఎన్ఏ చూశాక చాలామంది మళ్లీ పాత ఇంటికే చేర్చారు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం స్ప్యూమెల్లా. దానికి రంగే లేదు, బ్యాక్టీరియాని తిని బతుకుతుంది, అయినా డీఎన్ఏ ప్రకారం ఇదే కుటుంబం. ఆ మాటకొస్తే డైనోబ్రియాన్ కూడా ఒకపక్క ఎండతో ఆహారం చేసుకుంటూనే బ్యాక్టీరియాని మింగుతుంది, కాబట్టి మొక్కా జంతువా అని పిల్లలు అడిగితే నేను ఒక్క ముక్కలో జవాబు చెప్పను.

హోస్ట్: ఆదివారం కల్యాణి డ్యామ్ వైపు వెళ్తున్నా, నీళ్లు తేనా?

అతిథి: తీసుకురామ్మా, కానీ పొద్దున్నే పట్టు. ఇవి ఎక్కువగా చల్లటి, తేట నీళ్లలో ఉంటాయి, ఎండలో సీసా వేడెక్కితే కణాలు పగిలిపోతాయి. ఐస్ బాక్సులో పెట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చేయ్.