పడిన ధరకు కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

శ్రోతలకు నమస్కారం.

ఆషాఢం వచ్చిందంటే బట్టల కొట్లకు తగ్గింపు బోర్డులెక్కుతాయి. రెండు వేల చీర పన్నెండు వందలకు వస్తే సంతోషంగా తెచ్చుకుంటాం. నేత అదే, అంచు అదే, తగ్గింది ధరొక్కటే. క్రిప్టో కాయిన్ ధర పడినప్పుడు కూడా చాలామంది ఇదే లెక్క వేస్తారు. మొన్న 100 ఉన్నది ఇవాళ 70 కదా, చవకే కదా అని. చీరకైతే కట్టుకునే విలువుంది. కాయిన్‌కు ఆ 100 కూడా మొన్న ఎవరో ఇచ్చిన ధర, అంతే. దాని అసలు విలువ 100 అని ఎవరూ తేల్చింది లేదు.

2021లో బిట్‌కాయిన్ సంగతి చూడండి. ఏప్రిల్ 14న దాదాపు 64,800 డాలర్లు. పదకొండు రోజులు తిరిగేసరికి 47,000. అప్పుడు ధైర్యం చేసి కొన్నవాళ్లకు మే రెండో వారానికల్లా 59,000 కనిపించింది. నూటికి 25 లాభం. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. నష్టం కంటే ఈ లాభమే ఎక్కువమందిని ముంచిందని నా అభిప్రాయం. పడితే కొను, మళ్లీ లేస్తుంది అన్న నమ్మకం గట్టిపడిపోయింది.

మే 12న కార్ల కంపెనీ టెస్లా ఇక బిట్‌కాయిన్‌లో చెల్లింపులు తీసుకోబోమంది. ధర 50,000కు జారింది. మళ్లీ కొన్నారు. 43,000కు వచ్చింది. యావరేజ్ చేద్దామని, అంటే కొన్న సగటు ధర తగ్గించుకుందామని, మళ్లీ కొన్నారు. మే 19న, ఒక్క రోజులో, 43,000 నుంచి 30,000 దాకా పడింది. ఆ దారిలో 37,000 దగ్గర మూడోసారి కొన్నవాళ్లూ ఉన్నారు. 50,000, 43,000, 37,000 దగ్గర మూడుసార్లూ సమానంగా డబ్బు పెడితే సగటు ధర సుమారు 42,700. ధర 30,000 తాకిన క్షణంలో, మూడుసార్లు పెట్టిన మొత్తం మీద, నూటికి 30 నష్టం.

ఒక్కరోజులో అంత పతనం ఎందుకంటే, అప్పు తీసుకుని కొన్నవాళ్ల వల్ల. పది రెట్లు లెవరేజ్ తీసుకున్నవాడి, అంటే అప్పు కలిపి సొంత డబ్బుకు పది రెట్లు కొన్నవాడి సొంత డబ్బు, ధర నూటికి పది తగ్గకముందే కరిగిపోతుంది. కాయిన్ల కొనుగోళ్లు, అమ్మకాలు నడిపే ఎక్స్ఛేంజీ వాడినడగదు, అమ్మేస్తుంది. ఆ అమ్మకంతో ధర ఇంకొంచెం పడుతుంది. ఆ పడిన ధరకు ఇంకొకడి వంతు. పేకముక్కలు పేర్చిన మేడ తెలుసు కదా, అలాగ.

ఓపిక పట్టినవాళ్లకు నవంబరులో 69,000 వచ్చింది కదా అంటారు. వచ్చింది. ఆ మరుసటి నవంబరులో 16,000 కంటే కిందికీ వెళ్లింది. 2024 డిసెంబరులో లక్ష డాలర్లూ దాటింది. అన్ని కాయిన్లూ ఇలా తేరుకోవు. 2021 మే 8న 73 సెంట్లు తాకిన డోజ్‌కాయిన్, అదే 2024 డిసెంబరు ఊపులో 48 సెంట్ల దగ్గరే ఆగిపోయింది.

అందుకే ఎంత పడితే కొనాలి అన్న ప్రశ్న పక్కన పెడదాం. ఎన్ని కాయిన్లు కొనాలి? అది చూద్దాం. పెన్ను, కాగితం దగ్గరుంటే తీసుకోండి.

మీ దగ్గర లక్ష రూపాయలుందనుకోండి. ఒక్క బేరంలో 1,000 రూపాయలు పోతే ఓర్చుకోగలరు. కాయిన్ ధర 100. ఈమధ్య 90 దాకా పడి లేచింది. 90 కూడా నిలవలేదంటే మన అంచనా తప్పిందన్నమాట, కాబట్టి 88 దగ్గర స్టాప్‌లాస్, అంటే ధర అక్కడికి పడితే అమ్మేయమని ముందే పెట్టుకునే ఆర్డర్. ఒక్కో కాయిన్‌కు నష్టం 12. వెయ్యిని 12తో భాగించి, 83 కాయిన్లు కొంటారు.

ఇక్కడే దెబ్బ తగులుతుంది. స్టాప్ ఆర్డర్‌లో సాధారణంగా రెండు గడులుంటాయి. ఆర్డర్‌ను లేపే ట్రిగర్ ధర, అంతకంటే తక్కువకు అమ్మకూడదని చెప్పే లిమిట్ ధర. చాలామంది రెండింట్లోనూ 88 వేస్తారు. ధర 88.40 నుంచి మెట్టుమెట్టుగా దిగదు, ఒక్క దూకులో 86కు పోతుంది. ఆర్డర్ లేచి, 88కి తక్కువైతే అమ్మనని భీష్మించుకుని కూర్చుంటుంది. ధర 80కి వెళ్లినా అక్కడే ఉంటుంది. కాబట్టి ట్రిగర్ 88, లిమిట్ 85. అప్పుడు ఓర్చుకోవాల్సిన నష్టం 12 కాదు, 15. వెయ్యిని 15తో భాగిస్తే 66 కాయిన్లు. లక్షలో 6,600 రూపాయలు. ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే. ఇదైనా ధర 85నూ దాటి దూకనంతవరకే. మే 19 లాంటి రోజైతే అదీ దూకుతుంది.

ఇప్పుడు మన దేశపు పన్ను కలపండి. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద నూటికి 30, ఆపైన సెస్సుతో 31.2. కొన్న ధర తప్ప వేరే ఖర్చు తీసేయడానికి లేదు. ఒక బేరంలో వచ్చిన నష్టాన్ని ఇంకో బేరపు లాభంలోంచి తీసేయడానికీ లేదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ లేదు. మన 66 కాయిన్ల మీద ఒకసారి 990 పోయింది, ఇంకోసారి 990 వచ్చింది. చెల్లుకు చెల్లు అనుకుంటాం. కాదు. వచ్చిన 990 మీద 309 పన్ను కట్టాలి, పోయిన 990 గురించి ఎవరూ అడగరు.

రెండు బేరాల్లో ఒకటి గెలిచేవాడు నష్టపోకుండా ఉండాలంటే, గెలిచినప్పుడు 1,439 రూపాయలు రావాలి. కాయిన్‌కు దాదాపు 22. అంటే 100కు కొన్నది 122 దాకా వెళ్లాలి. కమీషన్, దాని మీద జీఎస్టీ వేరే. ఆ కాయిన్ 110 దగ్గర రెండుసార్లు ఆగి వెనక్కి తిరిగి ఉంటే ఈ బేరం నేనైతే వద్దంటాను.

2022 జులై నుంచి ఒక శాతం టీడీఎస్, అంటే ముందే కోసుకునే పన్ను, కూడా ఉంది. అమ్మిన మొత్తం మీద, నష్టానికి అమ్మినా సరే. రిటర్ను వేస్తే లెక్కలో కలుస్తుంది, కానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. లక్షనంతా ఇరవైసార్లు తిప్పినవాడికి దాదాపు 18 వేలు అందులోనే ఇరుక్కుంటాయి.

చివరగా స్క్రీన్ దగ్గర ఒక జాగ్రత్త. స్టాప్ ఆర్డర్ పెట్టగానే చాలా ఎక్స్ఛేంజీల్లో ఆ కాయిన్లకు తాళం పడుతుంది, వాటి మీదే 122కు అమ్మకపు ఆర్డర్ కూడా పెట్టనివ్వవు. రెంటిలో ఒకటే కుదిరితే, స్టాప్ పెట్టండి. 122కు ఫోన్‌లో అలర్ట్ చాలు. అది మోగినప్పుడు ముందు స్టాప్ రద్దు చేసి, ఓపెన్ ఆర్డర్స్, అంటే ఇంకా పూర్తికాని ఆర్డర్ల జాబితా, ఖాళీ అయిందో లేదో చూసుకుని, అప్పుడు అమ్మండి.

సెలవు.