ఫోన్-ఇన్: ప్రయాణానికి ఏ లెన్స్?

యాంకర్: విశాఖపట్నం స్టూడియో నుంచి నమస్కారం. గాజువాక కాలర్, మాట్లాడండి.

కాలర్: నమస్తే సార్. నాది కెనాన్ డీఎస్ఎల్ఆర్, క్రాప్ సెన్సర్, అంటే చిన్న సెన్సర్. 18-55 ఎంఎం జూమ్ లెన్స్ ఉంది, దూరానికి 55-250 ఉంది. పిల్లలతో రైల్లో అరకు వెళ్తున్నాం, బొర్రా గుహలు కూడా చూస్తాం. సామాను ఎక్కువైపోతోంది. ఒక్క 18-200 కొనేస్తే సరిపోతుందేమో అని... ఫిఫ్టీ, అదే 50 ఎంఎం లెన్స్, బాగుంటుందని కూడా అంటున్నారు, చవకట...

నిపుణుడు: ముందు బరువు చూద్దామండి. 18-200 దాదాపు 600 గ్రాములు. మీ 18-55 ఎస్‌టీఎం (చప్పుడు లేని ఫోకస్ మోటారు) రకమైతే సుమారు 210. పాత టూరు ఫొటోల వివరాల్లో ఫోకల్ లెంగ్త్, అంటే జూమ్ ఎంత లాగారో చెప్పే ఎంఎం అంకె, కనిపిస్తుంది, తిరగేసి చూడండి. 100 దాటినవి ఎన్నున్నాయి? తక్కువైతే పెద్ద జూమ్ అక్కర్లేదు.

కాలర్: చూళ్లేదు సార్. అయితే ఫిఫ్టీ తీసుకోమంటారా?

నిపుణుడు: వద్దండి. మీ సెన్సర్ మీద 50ని 1.6తో గుణించాలి, 80 ఎంఎం లెన్స్‌లా ఇరుకుగా కనిపిస్తుంది. రైలు పెట్టెలో ఎదుటి మనిషి ముఖమే పడుతుంది. వెనక్కి జరగడానికి చోటేదీ? తేలికది కావాలంటే 24 ఎంఎం ప్యాన్‌కేక్ అని జూమ్ లేని పలచటి లెన్స్ ఉంది, 125 గ్రాములు, మందం 23 మిల్లీమీటర్లే. కొనే ముందు మీ జూమ్‌ని 24 దగ్గర పెట్టి, రింగు కదలకుండా పేపర్ టేపు అంటించి, ఒక సాయంత్రమంతా బీచ్ రోడ్డులో తీసి చూడండి. చేయి మాటిమాటికీ రింగు మీదకి పోతే అది మీకు పనికిరాదు.

కాలర్: గుహలో చీకటి కదా సార్, దానికి ప్యాన్‌కేక్ ఎఫ్ 2.8 మంచిది కదా?

నిపుణుడు: ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుగు. 24 దగ్గర మీ జూమ్ కూడా ఎఫ్ 4 వరకు తెరుచుకుంటుంది. 2.8 అంటే వెలుగు దానికి రెట్టింపు, అంతే. ప్యాన్‌కేక్‌లో ఐఎస్, అంటే చేతి వణుకుని సరిదిద్దే ఏర్పాటు, లేదు, ఎస్‌టీఎం జూమ్‌లో ఉంది. రాయి కదలదు కాబట్టి సెకనులో 8వ వంతుకైనా చేత్తో తీయొచ్చు. పిల్లలు కదులుతారు, అక్కడ ఐఎస్ ఆదుకోదు. షట్టర్‌ని సెకనులో 60వ వంతు కన్నా నెమ్మదిగా పెట్టకండి, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన) 3200కి పెంచండి.

కాలర్: మరి 18-200 సంగతి సార్?

నిపుణుడు: అంత బరువెందుకండీ, వద్దు. 18-55 ఒక్కటే పట్టుకెళ్లండి. ఇంట్లో ఉంచిన 55-250ని మాత్రం బట్టల బీరువాలో పెట్టకండి. మన ఊరి తేమకి ఫంగస్ పట్టేస్తుంది. గాలి చొరబడని డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే మార్చెయ్యండి.

యాంకర్: థాంక్యూ అండి. అనకాపల్లి కాలర్.

కాలర్: కెనాన్ ఆర్50 మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను సార్. పాత ప్యాన్‌కేక్ దానికి పడుతుందా?

నిపుణుడు: మధ్యలో బిగించే అడాప్టర్‌తో పడుతుంది. అడాప్టరే 110 గ్రాములు, చిన్నదన్న సుఖం పోతుంది. దానికి బదులు మీ కెమెరాకి నేరుగా పట్టే ఆర్ఎఫ్ 28 ఎంఎం చూడండి, 120 గ్రాములు.

యాంకర్: భీమిలి నుంచి...

కాలర్: సార్, బీచ్‌లో లెన్స్ మీద ఉప్పు తుంపర...

నిపుణుడు: చొక్కాతో తుడవకండి! ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదెయ్యండి, తర్వాతే లెన్స్ ద్రవంతో కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ. ఏసీ గదిలోంచి తెచ్చేటప్పుడు జిప్ కవర్లోనే అరగంట ఉంచండి, లేకపోతే గాజు మీద చెమ్మ పట్టేస్తుంది. బీరువాలో మాత్రం...

యాంకర్: లైన్ కట్ అయిందండి. మధురవాడ కాలర్, చెప్పండి.