గాలి మీ వీపున ఉండాలి

(ఎయిర్ వింగ్ క్యాడెట్ల ఏరోమోడలింగ్ శిక్షణలో చేసిన ప్రసంగం)

క్యాడెట్లకు, సాటి శిక్షకులకు నమస్కారం.

కిటికీలోంచి ఆ వేపచెట్టు చూడండి. పొద్దున్నుంచీ ఊగుతూనే ఉంది. నైరుతి గాలి మొదలయ్యాక హైదరాబాద్‌లో ఇంతే. ఇందాక టీ దగ్గర ఒకబ్బాయి అడిగాడు, "సార్, ఇవాళ కంట్రోల్ లైన్ ఉండదు కదా?" అని. ఉంటుంది నాయనా. కంట్రోల్ లైన్ అంటే, తీగలు కట్టిన చిన్న ఇంజిను విమానాన్ని మధ్యలో నిలబడి మన చుట్టూ తిప్పుతూ నడపడం. గాలి రోజున అది జాగ్రత్తగా చెయ్యాలి. అందుకే ముందు ఈ అరగంట.

మీరంతా సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసినవాళ్లే. పటానికి గాలే ఇంజిను. గాలి ఆగితే పటం దిగుతుంది. మన విమానం అలా కాదు, దాని ఇంజిను దానికుంది, గాలి వీయకున్నా ఎగురుతుంది. కానీ రెండింటికీ దారం బిగువుగా ఉండాలి. మీ చేతిలో హ్యాండిల్, అక్కడి నుంచి రెండు సన్నని ఉక్కు తీగలు, రెక్కలో బెల్‌క్రాంక్ అనే తిరిగే మీట, దానికి పుష్‌రాడ్ అనే కడ్డీ, తోకలో ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ రెక్క. ఈ గొలుసంతా తీగలు బిగిసి ఉన్నంతసేపే పనిచేస్తుంది. వదులైతే మీ చేతిలో ఉన్నది హ్యాండిల్ కాదు, ఉత్త ప్లాస్టిక్ ముక్క.

ఆ బిగువెంతో లెక్క చూద్దాం. ఇది బోర్డు మీద వేస్తాను, రాసుకోండి. స్టంట్ మోడల్, అంటే విన్యాసాలు చేసే విమానం, బరువు 1.7 కిలోలు, తీగలు 20 మీటర్లు, చుట్టుకు 5.3 సెకన్లు. వేగం గంటకు 85 కిలోమీటర్లు వస్తుంది. తీగల మీద లాగు దాదాపు 5 కిలోలు. వేగం 30 శాతం పడిపోయిందనుకోండి, లాగు సగానికి పడుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో మారుతుంది. ఇప్పుడు అదే విమానం మీ నెత్తి మీదికి వచ్చిందనుకోండి. దాని 1.7 కిలోల బరువు నేరుగా మీ వైపుకే లాగుతుంది, ఆ సగంలోంచి అదీ పోవాలి. చివరికి ముప్పావు కిలో కూడా మిగలదు. ఆ క్షణంలో ఒక విసురు తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంతకీ గాలి ఏం చేస్తుంది? విమానం గాలి పోయే వైపున ఉంటే గాలి దాన్ని మీ నుంచి బయటికి నెడుతుంది, తీగలు బిగుస్తాయి. గాలి వచ్చే వైపున ఉంటే మీ మీదికే నెడుతుంది. అందుకే లూపులు (నిలువు చుట్లు), ఎనిమిది అంకె ఆకారాలు అన్నీ గాలి పోయే వైపునే వేస్తాం. గాలి మీ వీపుకి తగలాలి. నేను ఎప్పుడూ చెవులతో చూసుకుంటాను: రెండు చెవుల వెనకా సమానంగా తగిలితే సరిగ్గా నిలబడ్డట్టు. గాలి దిశ మారుతూ ఉంటుంది, మొదటి లూపుకి పెట్టుకున్న గురుతు ఆరో లూపు నాటికి పనికిరాకపోవచ్చు. పొలంలో తూర్పారబట్టే రైతు చేట ఎత్తిన ప్రతిసారీ గాలి చూసుకుంటాడు, ఒకసారి చూసి ఊరుకోడు.

మన విమానం అపసవ్యంగా తిరుగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే అది మీ ముందు కుడి నుంచి ఎడమకు పోతుంది. కుడి పక్కన వెనకగాలి, ఎడమ పక్కన ఎదురుగాలి. గంటకు 25 కిలోమీటర్ల గాలిలో, నేల మీద వేగం అదే 85 అనుకుంటే, రెక్కకు ఎడమ పక్క 110 తగులుతుంది, కుడి పక్క 60. లిఫ్ట్, అంటే రెక్క పైకెత్తే బలం, తేడా మూడు రెట్లకు పైనే. ఎడమకు రాగానే విమానం పైకి పొంగుతుంది, కుడికి రాగానే దిగజారుతుంది. పొంగిన తరవాత దించబోతే ఆలస్యమే. ఎడమకు చేరకముందే హ్యాండిల్ కాస్త కిందికి సిద్ధంగా ఉండాలి. టేకాఫ్ కూడా ఈ లెక్కతోనే: మీ కుడి ముందు నుంచి వదిలితే, గాలి పోయే వైపు మీదుగా పరుగెత్తి, ఎదురుగాలి తగిలేసరికి నేల వదులుతుంది.

ఇంక నా అనుభవం ఒకటి. చాలా ఏళ్ల కిందట, ఇలాంటి గాలి రోజే, నేను మంచి ఊపులో ఉండి గాలి వచ్చే వైపున లూపు ఎత్తాను. పైకి పోగానే తీగలు పువ్వుల దండలా వేలాడాయి. నేను భయంతో హ్యాండిల్‌ని పూర్తిగా 'అప్'లో, అంటే ముక్కు పైకెత్తే వైపు, బిగపట్టాను. వెనక్కి పరుగెత్తాను, అది సరైన పనే. తీగలు బిగిశాయి. బిగిసిన మరుక్షణం ఆ పూర్తి 'అప్' ఒక్కసారిగా ఎలివేటర్‌కి చేరి, విమానం ముక్కు తిప్పుకుని నేలలోకి పోయింది. బాల్సా అనే తేలిక కర్రతో చేసిన మూడు నెలల పని. అప్పటినుంచి చెప్తూనే ఉన్నాను: తీగ వదులైతే వెనక్కి పరుగెత్తండి, కానీ చెయ్యి మధ్యలోనే ఉంచండి.

గాలి వరసగా వీస్తే దాంతో బతకొచ్చు. సుడులతోనే చిక్కు. గాలి వచ్చే వైపున పది మీటర్ల హాస్టల్ బిల్డింగ్ ఉంటే వంద మీటర్ల దాకా, ఒక్కోసారి ఇంకా దూరం, గాలి కలగాపులగమై వస్తుంది. చూడ్డానికి ఆ నీడ పట్టు ప్రశాంతంగానే ఉంటుంది, అదే మోసం. గోడ చాటున పటం గింగిరాలు కొట్టడం మీరు చూసే ఉంటారు. పోటీల్లో లూపు అడుగు నేలకు 1.5 మీటర్ల ఎత్తున రావాలి. సుడిలో ఆ ఎత్తుకు ఆశపడకండి. ఒక మీటరు ఎక్కువే ఉంచండి, మార్కులు పోతే పోనివ్వండి.

వరస లూపుల్లో ఇంకోటి గమనిస్తారు: గాలిలో ఒక్కో లూపుకి వేగం పెరుగుతూ పోతుంది. పిచ్, అంటే ఒక్కో చుట్టుకి ముందుకు పోయే దూరం, తక్కువున్న ప్రొపెల్లర్ ఆ వేగానికి కొంత బ్రేకు వేస్తుంది. అది లేకపోతే లూపు పెద్దది చేసుకోండి, మణికట్టుతో కుదించకండి.

తీగల పరీక్ష మాత్రం గాలి ఉన్నా లేకున్నా తప్పదు. విమానం బరువుకు పది రెట్లు లాగి చూడాలి. మణికట్టుకు పట్టీ లేకుండా హ్యాండిల్ ముట్టుకుంటే నేను ఊరుకోను. కరెంటు తీగలు దగ్గర్లో ఉన్నా, మబ్బులో మెరుపు కనిపించినా ఎగరెయ్యం. అవి ఉక్కు తీగలు, వాటి చివర మీరుంటారు.

సరే, గ్రౌండుకి పదండి. విమానాలు పెట్టెల్లోంచి తీయకముందు ఒక్కొక్కరూ గుప్పెడు దుమ్ము ఎగరేసి, గాలి ఎటు పోతోందో నాకు వేలితో చూపించాలి.