దర్వాజకు ఏ రంగు? ముందు మెరుపు సంగతి తేల్చండి

హోస్ట్: నమస్తే అండీ. గోడల రంగు గురించి ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం ఉంటుంది, గొడవలు కూడా అవుతాయి. దర్వాజలు అంటే తలుపు బిగించే చట్రాలు, తలుపులు, కిటికీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి వేసెయ్ మేస్త్రీ" అనేస్తారు. ఆ మాట విని విని విసిగిపోయిన పెయింటింగ్ మేస్త్రి ఒకాయన ఇవాళ మనతో ఉన్నారు, నల్లగొండ, మిర్యాలగూడ వైపు పని చేస్తారు. అన్నా, సూటిగా అడుగుతున్నా, దర్వాజకు ఏ రంగు వేయాలి?

మేస్త్రి: రంగు తర్వాత తమ్మీ. ముందు మెరుపు ఎంత కావాలో చెప్పు. బాగా మెరిసే గ్లాసీనా, కొద్దిగా మెరిసే సాటినా, మెరుపే లేని మ్యాటా? రంగు నచ్చకపోతే ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కానీ ఒకసారి గ్లాసీ వేశాక దాని మీద ఇంకేదైనా పట్టాలంటే ఇల్లంతా తిరిగి ఎమరీ కాగితంతో రుద్దాల్సిందే.

హోస్ట్: మన దగ్గర ఎక్కువగా అడిగేది గ్లాసీయే కదా, గృహప్రవేశం నాడు తళతళలాడాలని.

మేస్త్రి: తళతళలాడుతుంది, కాదనను. కానీ గ్లాసీ ఏదీ దాచదు. మన ఊళ్లలో వేప దర్వాజలు చాలా, టేకు అందరికీ అందేది కాదు కదా. వేప సరిగా ఎండకముందే బిగిస్తే తర్వాత సన్నగా పగుళ్లిస్తుంది, చిత్రిక సాఫుగా పట్టని చోట ఎత్తుపల్లాలు ఉంటాయి. అలాంటి దాని మీద గ్లాసీ కొట్టి, రాత్రి ట్యూబ్‌లైట్ వేసి పక్క నుంచి చూడు, లప్పం పెట్టిన ప్రతి చోటూ లెక్కపెట్టొచ్చు. సాటిన్‌లో అంత కనబడదు, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు కూడా. ఇగ మ్యాట్ అంటావా, ఫోటోలో బ్రహ్మాండంగా ఉంటుంది గానీ గొళ్లెం చుట్టూ చేతి జిడ్డు పడుతుంది, దాన్ని రుద్ది రుద్ది తుడిస్తే ఆ ఒక్క చోటే నున్నగా మెరవడం మొదలవుతుంది. చిన్నపిల్లలున్న ఇంటికి నేనైతే మ్యాట్ వేయను.

హోస్ట్: మరి గ్లాసీ ఎక్కడ పనికొస్తుంది?

మేస్త్రి: వంటింటి తలుపుకు. పోపు జిడ్డు రోజూ పడుతుంది, గ్లాసీ మీద ఊరికే వచ్చేస్తుంది. కిటికీ గ్రిల్స్‌కు కూడా మంచిదే, కాకపోతే కింద రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, అంటే తుప్పు పట్టకుండా పెయింట్‌కు ముందు వేసే ఎర్ర కోటు పడాలి. ఆ ఒక్క కోటు మిగుల్చుకుందామని చూస్తే వానాకాలానికి వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు బయటికి వస్తుంది.

హోస్ట్: సరే, ఇప్పుడు రంగులు. ఫోన్‌లో చూసి అందరూ తెల్ల దర్వాజలు అడుగుతున్నారట?

మేస్త్రి: అడుగుతున్నారు. అడిగితే వేస్తాం, కానీ ఆయిల్ ఎనామెల్‌లో, అంటే నూనెతో చేసే పెయింట్‌లో మాత్రం తెలుపు వద్దంటాను. దాంట్లో ఉండే నూనె గాలి తగిలి గట్టిపడుతుంది, అదే నూనె రాను రాను పసుపుపచ్చబడుతుంది. వెలుతురు తగలని చోట ఇంకా తొందరగా. బీరువా పక్కన ఉన్న దర్వాజ, ఎప్పుడూ మూసి ఉండే స్టోర్ రూం తలుపు లోపలి వైపు చూడు, హాల్లో ఉన్నదానికీ దానికీ రంగే కలవదు. తెలుపే కావాలంటే వాటర్ బేస్ ఎనామెల్ తీసుకోండి. వాసన తక్కువ, తొందరగా ఆరుతుంది, పచ్చబడటం చాలా తక్కువ. ఖర్చు కొంచెం ఎక్కువే.

హోస్ట్: పాత ఆయిల్ పెయింట్ మీద డైరెక్టుగా వేసేయొచ్చా?

మేస్త్రి: వేస్తే గోటితో గీకినా ఊడొస్తుంది. మెరుపు చచ్చేదాకా రుద్ది, ప్రైమర్ వేసి అప్పుడు వేయాలి. ఆ రుద్దే పని దగ్గర ఇంకో మాట, చాలామంది పట్టించుకోరు. పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటకూడదని 2016లో రూల్ తెచ్చారు, 2017 నవంబర్ నుంచి అమలు. అంతకు ముందు వేసిన పాత ఎనామెల్‌లో సీసం ఎక్కువ ఉండొచ్చు. అందుకే పొడిగా రుద్ది దుమ్ము లేపొద్దు, నీళ్లు తడుపుతూ వాటర్ పేపర్‌తో రుద్దించండి, మాస్క్ కట్టుకోమనండి, చిన్నపిల్లల్ని ఆ రెండు రోజులు అమ్మమ్మ వాళ్లింటికి పంపండి.

హోస్ట్: తెలుపు కాకుండా నువ్వైతే ఏమంటావు?

మేస్త్రి: షాపులో షేడ్ కార్డు చూసి ఖాయం చేయకండి, అది నా మొదటి మాట. చిన్న డబ్బా తెచ్చి అడుగు ప్లైవుడ్ ముక్క మీద రెండు కోట్లు వేసి, ఆ దర్వాజ దగ్గరే ఆనించి పొద్దున ఒకసారి, రాత్రి లైట్లలో ఒకసారి చూడండి. ఐవరీ అనుకున్నది ఎల్ఈడీ కింద పాలిపోయినట్టు కనబడొచ్చు. గ్రిల్స్ మాత్రం ముదురు రంగే వేయండి, నలుపో ముదురు బూడిదో. తెల్ల గ్రిల్ ఉంటే చూపు దాని దగ్గరే ఆగుతుంది, ముదురు గ్రిల్ దాటి బయట చెట్టు కనబడుతుంది. గోడ లేతగా ఉంటే దర్వాజకు అదే రంగు రెండు మెట్లు ముదురు, నాకు నచ్చేది అది. చాక్లెట్ బ్రౌన్ వేయించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, దుమ్ము అందులోనే ఎక్కువ తెలుస్తుంది, ఎందుకో మరి.

హోస్ట్: మరి కడపకు, అదే గడపకు?

మేస్త్రి: దాని గురించి నన్ను అడగొద్దు, అది అత్తమ్మ డిపార్ట్‌మెంట్. పసుపు ఎనామెలే, గ్లాసీనే, ఎందుకంటే పండక్కి పండక్కి కడుగుతారు, పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు. లేత రంగు సాటిన్ వేస్తే పసుపు మరక అందులోకి దిగిందంటే ఇక పోదు.

హోస్ట్: ఎండాకాలం పని పెట్టుకోవచ్చా? మన దగ్గర మే నెల అంటే తెలుసుగా.

మేస్త్రి: పొద్దున్నే పెట్టుకుంటే ఏం కాదు. మధ్యాహ్నం పడమటి ఎండ తగిలే దర్వాజ మీద మాత్రం బ్రష్ పెట్టనివ్వొద్దు, పైపొర ముందే ఆరిపోయి బ్రష్ గీతలన్నీ అలాగే నిలబడిపోతాయి. ఇంకోటి, తలుపు బిగించక ముందే కింది అంచుకు, పై అంచుకు ప్రైమర్ వేయించండి. అక్కడ ఎవరూ చూడరని వదిలేస్తారు, ఇల్లు తుడిచిన నీళ్లు కింది నుంచే పీల్చుకుని తలుపు ఉబ్బుతుంది, ఆ తర్వాత కార్పెంటర్‌ను తిడతారు.

హోస్ట్: చివరిగా, పెయింట్ అయ్యాక తలుపు ఎప్పుడు మూసుకోవచ్చు?

మేస్త్రి: ముట్టుకుంటే అంటకపోవడం వేరు, లోపలి దాకా గట్టిపడటం వేరు. ఆయిల్ ఎనామెల్‌కు వారం ఇవ్వండి. ముహూర్తం శుక్రవారమైతే బుధవారం రాత్రి ఆఖరి కోటు వేయమని ఫోన్ చేస్తారు చూడు, వాళ్లింట్లో పాలు పొంగేలోపు తలుపు దర్వాజకు అతుక్కుంటుంది, గుంజితే పెయింట్ పెచ్చుతో సహా వస్తుంది. అప్పుడు మళ్లీ నాకే ఫోన్.